క్లీనర్ సైడు

లారీకి కుడివైపు, ఎడమవైపు అని ఉండవు. డ్రైవర్ సైడు, క్లీనర్ సైడు అని ఉంటాయి. స్టీరింగు ఉండే కుడిపక్క డ్రైవర్ సైడు. క్లీనరు కూర్చుని, తలుపులోంచి బయటికి వంగి, రేకు మీద చరుస్తూ దారి చెప్పే ఎడమపక్క క్లీనర్ సైడు. విజయవాడ నుంచి జగదల్‌పూర్ పోయే రోడ్డు మా తిరువూరు నడిబొడ్డులోంచే పోతుంది కాబట్టి ఈ భాష మాకు ఉగ్గుపాలతోనే పట్టింది. మంగలి షాపులో కూర్చుని "క్లీనర్ సైడు ఇంకాస్త తగ్గించవయ్యా" అనే పెద్దమనుషులు మా ఊళ్ళో ఉన్నారు. మా అన్నయ్య వాళ్ళలో ఒకడు.

చిన్నప్పుడు అన్నయ్యా నేనూ కూర్చుని, ముక్కలు అతికించి చేసిన బొమ్మ లారీల గురించి ఎప్పుడో ఒకప్పుడు రాయాలనుకునేదాన్ని. కిందటేడు రాసి ఉంటే ఇది నవ్వుకుంటూ చదువుకునే సంగతి అయ్యేది. ఇప్పుడు రాయడానికి కూర్చుంటే ఒళ్ళు మండుతోంది. ఎవరి మీద అంటారా? దేవుడి మీదే అనుకోండి. మా ఇంట్లో ఆ మాట పైకి అనకూడదు, అందుకే ఇక్కడ అంటున్నాను.

మా నాన్న మిషన్ స్కూల్లో టీచరు. ఏటా క్రిస్మస్‌కి ముందు మా చర్చికి పైదేశాల నుంచి పెట్టెలు వచ్చేవి. అక్కడి పిల్లలు వాడి వదిలేసిన స్వెట్టర్లు, బూట్లు, బొమ్మలు. తిరువూరులో స్వెట్టరు! మా ఊరి ఎండ సంగతి తెలిసినవాళ్ళు చేసే పని కాదది. అయినా ఊరికే వచ్చినదాన్ని వదులుకుంటామా? ఆ స్వెట్టర్లు తొడుక్కుని చెమటలు కక్కుతూ క్రిస్మస్ పాటలు పాడేవాళ్ళం.

ఒక ఏడు ఆ బొమ్మలు పంచుతున్నది పాస్టరుగారి భార్య. మేమందరం ఆవిణ్ణి అమ్మగారు అనేవాళ్ళం. ఆవిడ ఒక అట్టపెట్టె తెరిచి లోపలికి చూసి మొహం చిన్నబుచ్చుకుంది. పెట్టె మూత మీద ఎర్రటి లారీ బొమ్మ, పెద్ద ముక్కుతో, ధగధగ మెరిసిపోతోంది. లోపల చూస్తే అన్నీ ముక్కలు. తలుపొక చోట, చక్రమొక చోట, అద్దమొక చోట.

"అయ్యో, ఓడలో వస్తూ విరిగిపోయిందర్రా," అంది ఆవిడ. "పాపం, ఎంత మంచి బొమ్మో."

అది ముక్కలుగానే అమ్ముతారనీ, కొనుక్కున్నవాళ్ళే అతికించుకోవాలనీ ఆ హాల్లో ఒక్కరికీ తెలియదు. ఎలా తెలుస్తుంది? బొమ్మని ముక్కలు చేసి పెట్టెలో పోసి అమ్మేవాడు ఒకడుంటాడని ఎవరనుకుంటారు? లోపల ఉన్న కాగితాన్ని, ఏ ముక్క ఎక్కడ పెట్టాలో బొమ్మలు గీసిన కాగితాన్ని, అమ్మగారు పొట్లం చుట్టిన కాగితమనుకుని ఉండచుట్టి మూలకి విసిరేసింది. అప్పుడు అన్నయ్య లేచి నిలబడ్డాడు.

"అమ్మగారూ, విరిగిందైనా నాకు కావాలండి."

ఆ ఆదివారం పాస్టరుగారు ప్రసంగంలో, మంచి బొమ్మలు తోటి పిల్లలకి వదిలిపెట్టి విరిగిన బొమ్మ కోరుకున్న ఒక పిల్లవాడి గురించి చెప్పారు. చుట్టూ ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు ఒత్తుకున్నారు. అన్నయ్య ముందు వరసలో తల వంచుకుని కూర్చున్నాడు. వినయమని అందరూ అనుకున్నారు గానీ, వాడు నవ్వు ఆపుకోలేక చస్తున్నాడని పక్కనున్న నాకు తెలుసు.

ఆ తరవాత ఏటా పెట్టెల్లో ముక్కల లారీ ఏదైనా వస్తే అమ్మగారు మా కోసం పక్కన పెట్టేది. "విరిగిన లారీ వచ్చింది బాబూ," అని కబురు చేసేది. మా ఇంట్లో ఆ బొమ్మలకి అదే పేరు స్థిరపడింది. విరిగిన లారీ. దాన్ని కిట్ అంటారని నేను బీఈడీ చదివేటప్పుడు గానీ తెలియలేదు. తెలిశాక కూడా ఆ మాట నోటికి ఎక్కలేదు.

పెట్టె వచ్చిన మర్నాటి నుంచి మధ్యాహ్నాలన్నీ దానికే. వరండాలో చాప వేసుకుని కూర్చునేవాళ్ళం. నాన్న లోపల నిద్రపోయేవాడు కాబట్టి గుసగుసగా మాట్లాడుకోవాలి. ముక్కలు అతికించడానికి మాకు దొరికిన జిగురు సైకిల్ షాపులో పంచర్లు వేసే సొల్యూషనే. ప్లాస్టిక్‌కి అది పట్టి చావదు. ఆరేదాకా ముక్కని వేళ్ళతో అదిమి పట్టుకుని కూర్చోవాలి. పట్టుకునే పని నాది. నేను క్లీనర్ని కాబట్టి ఎప్పుడూ అన్నయ్యకి ఎడమపక్కనే కూర్చోవాలి, అదీ రూలు.

"ఆరేదాకా వదలకు."

"చెయ్యి లాగుతోంది అన్నయ్యా."

"లాగితే లాగనీ. క్లీనర్ పని చాతకాకపోతే చెప్పు, వినగడప పంపించేస్తా, అమ్మమ్మ దగ్గర గేదెలు కాసుకుందువుగాని."

నాకు సరిగ్గా ఆ టైముకే తుమ్మొచ్చేది. పట్టుకున్న అద్దం ఊడి చాప మీద పడేది. వాడు నెత్తి కొట్టుకునేవాడు. ఆ సొల్యూషన్ వాసన ఇవాళ్టికీ ఏ సైకిల్ షాపు ముందు తగిలినా నా కాళ్ళు ఆగిపోతాయి.

పెద్ద పేచీ స్టీరింగు దగ్గర వచ్చింది. ఆ దేశాల లారీలకి స్టీరింగు ఎడమవైపు ఉంటుందని మాకేం తెలుసు? అది పెట్టే బెజ్జం క్లీనర్ సీటు ముందు కనిపించేసరికి అన్నయ్య తెల్లబోయాడు. పెట్టెని అటూ ఇటూ తిప్పి చూశాడు. చాలాసేపు ఆలోచించి, తయారు చేసినవాళ్ళే పొరపాటు పడ్డారని తేల్చేశాడు.

"పాపం తెల్లోళ్ళకి లారీ గురించి తెలీదే. డ్రైవర్ని తీసుకెళ్ళి క్లీనర్ సీట్లో కూర్చోబెట్టారు. నువ్వెక్కడ కూర్చుంటావు మరి?"

మేకు కాల్చి కుడివైపు కొత్త బెజ్జం పెట్టి, స్టీరింగు అక్కడ బిగించాడు. పాత బెజ్జాన్ని మైనంతో పూడ్చాడు. నా సీటు కోసం చేశాడా పని. నాకప్పుడు ఎంత గర్వమో చెప్పలేను. అలా ప్రతి లారీకీ చేశాడు.

తయారైన లారీలో మామిడి టెంకలు నింపుకుని రెడ్డిగూడెంలో బయల్దేరేవాళ్ళం. రెడ్డిగూడెం అంటే నాన్న మంచం కాలు. ఎ.కొండూరు గడప మీదుగా తిరువూరొచ్చి, అక్కడ గోలెం పక్కన టీ తాగి, వంటింట్లో జగదల్‌పూర్ చేరేవాళ్ళం. లారీని వెనక్కి తీసేటప్పుడు నేను క్లీనర్ సైడు నేల మీద అరచేత్తో చరుస్తూ అరవాలి. "రానీ... రానీ... రానీ... చాల్!" అమ్మ గరిటె పట్టుకుని "నా పొయ్యి మీదికి రానిస్తావా ఏంటే" అనేది. ఎంత పిచ్చి సంతోషం అది! మళ్ళీ అంత సంతోషం నాకు పెళ్ళిలో కూడా కలగలేదు, మా ఆయన చదివితే చదవనీ.

ఆ లారీల్లో ఒక్కటీ మిగల్లేదు. సొల్యూషన్ ఎండిపోయి ఒక్కో ముక్కా ఊడిపోయింది. చివరికి అన్నీ నిజంగానే విరిగిన లారీలయ్యాయి.

అన్నయ్యని టీచర్ని చెయ్యాలని నాన్న గింజుకున్నాడు. వాడు వింటేగా. ఇంటర్ అవగానే ఒక లారీ మీద క్లీనరుగా ఎక్కేశాడు. నాన్న కొన్నాళ్ళు వాడితో మాట్లాడలేదు. తరవాత డ్రైవరయ్యాడు, ఆ తరవాత సొంత లారీ కొన్నాడు. ఎండాకాలం రెడ్డిగూడెం తోటల నుంచి మామిడికాయలు, మిగతా రోజుల్లో మొక్కజొన్న, మిరపకాయలు. టీచర్ని నేనయ్యాను. ఎ.కొండూరు స్కూలుకి రోజూ బస్సులో వెళ్ళేటప్పుడు ఎదురుగా అన్నయ్య లారీ వస్తే గుర్తుపట్టేదాన్ని. బస్సులో నేనున్నానో లేదో తెలియకపోయినా వాడు ప్రతి బస్సుకీ హారన్ కొట్టేవాడు.

కిందటి వానాకాలం, పొద్దున్నే మొహం కడుక్కుంటూ పంపు దగ్గర కూలబడిపోయాడు. స్ట్రోక్. విజయవాడ తీసుకెళ్ళాం. బతికాడు. మాట పోలేదు, మతి పోలేదు, అందర్నీ గుర్తుపట్టాడు. ఎడమ చెయ్యి, ఎడమ కాలు మాత్రం బలం తగ్గాయి. డాక్టరుగారు మమ్మల్ని కూర్చోబెట్టి, "ఎడమవైపు దెబ్బతింది, అటువైపు ధ్యాస ఉండదు, జాగ్రత్తగా చూసుకోవాలి" అని చెప్పారు. మేం చెయ్యీ కాలూ అనుకున్నాం. ఆయన చెప్పిందాంట్లో 'ధ్యాస' అనే మాట మా చెవికెక్కలేదు. ఇంటికి పంపించేస్తున్నారన్న సంబరంలో ఉన్నాం.

కారులో తిరిగొస్తుంటే ఊరి మొదట్లో బోర్డు కనబడింది. తిరువూరు అని ఇంత లావు అక్షరాలతో ఉంటుంది. అన్నయ్య దాన్ని పైకి చదివాడు.

"వూరు."

మేమందరం నవ్వేశాం. ఇంటికి చేరుతున్నామని మురిసిపోయి అంటున్నాడనుకున్నాం. "అవునండీ, మన ఊరొచ్చేసింది," అంది వదిన. నేనైతే వాడి భుజం తట్టి, "ఊరేరా బాబూ, దిగుదువుగాని," అన్నాను. వాడికి ఆ బోర్డు మీద సగం అక్షరాలే ఉన్నాయని మాకు తెలియలేదు. తెలిసి ఉంటే ఆ కాస్త నవ్వు కూడా నవ్వుకునేవాళ్ళం కాదు. తెలియకపోవడమే నయం అనిపిస్తుంది ఒక్కోసారి.

కంచం దగ్గర తెలిసింది. వదిన అన్నం, పప్పు, వంకాయ కూర వడ్డించింది. కుడివైపున్న అన్నం శుభ్రంగా తినేసి, ఎడమవైపున్న కూర అలాగే వదిలేసి, "కూర వెయ్యవేంటే?" అని కసురుకున్నాడు. వదిన బిత్తరపోయింది. నాకేదో తోచి కంచాన్ని సగం తిప్పాను. "ఆ, ఇప్పుడేశావు," అని తిన్నాడు. గడ్డం గీసుకుంటే సగమే గీసుకునేవాడు. చొక్కా ఒక చేతికే తొడుక్కునేవాడు. ఎడమవైపు నుంచి పిలిస్తే కుడివైపు వెతికేవాడు.

కళ్ళ డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. కళ్ళు బాగానే ఉన్నాయన్నాడాయన. ఇంటికొచ్చి కసరత్తులు చేయించే ఫిజియోథెరపీ అమ్మాయి అర్థమయ్యేలా చెప్పింది.

"కన్ను చూస్తుందండి, మెదడే దాన్ని లెక్కలోకి తీసుకోదు. ఆయనకి ఎడమవైపు చీకటిగా కనబడటం కాదు. అసలు ఎడమవైపు అనేది ఒకటుందనే తోచదు."

అంటే క్లీనర్ సైడు లేదు వాడికి. పుట్టినప్పట్నుంచీ నేను కూర్చున్న పక్క లేదు.

"వస్తుందా అమ్మా మళ్ళీ?" అన్నాను.

"కొంతమందికి వస్తుందండి. మొదటి కొన్ని నెలల్లోనే రావాలి. మీరందరూ ఒక పని చెయ్యండి. ఎప్పుడూ ఆయనకి ఎడమపక్కనే కూర్చోండి, అటునుంచే మాట్లాడండి, అటే వస్తువులు పెట్టండి. పిలిస్తే పలకడం లేదని జాలిపడి కుడిపక్కకి వెళ్ళారనుకోండి, ఇక ఆయన తిరగరు. మీరు అటు వెళ్ళొద్దు, ఆయనే ఇటు రావాలి."

ఆ మాట మా ఇంట్లో బైబిలు వాక్యం అయిపోయింది. మంచం జరిపాం, కుర్చీ జరిపాం, ఎవరొచ్చినా ఎడమపక్కన కూర్చోబెట్టాం. ప్రార్థన చెయ్యడానికొచ్చిన ఆడవాళ్ళని కూడా నేను రెక్క పట్టుకుని అటుపక్క కూర్చోబెట్టాను. వాళ్ళు కళ్ళు మూసుకుని గంటసేపు ప్రార్థన చేస్తే, అన్నయ్య కుడివైపు గోడకేసి చూస్తూ, "రేడియో ఆపవే," అన్నాడు. వాళ్ళలో ఒకావిడ, విశ్వాసం ఉంటే స్వస్థత ఉంటుందమ్మా అని నాకు చెప్పబోయింది. "మా వాడికి విశ్వాసం ఉందండీ, దేవుడికే మా వాడి మీద లేదు," అనేశాను. వదిన నా మీద రెండు రోజులు అలిగింది.

అన్నిటికంటే ఘోరం, తనకేమీ కాలేదంటాడు. "చెయ్యి కాస్త తిమ్మిరెక్కింది, అంతే కదే. మామిడికాయలు మొదలయ్యేసరికి బండెక్కుతా." లారీ వాకిట్లోనే నిలబెట్టి ఉంది. వదిన అమ్మేద్దామంటుంది, మళ్ళీ తనే ఏడుస్తుంది. సగం రోడ్డు లేని మనిషి లారీ ఎక్కితే ఏమవుతుందో వాడికి తప్ప మా అందరికీ తెలుసు. మామిడికాయల దాకా ఆగుదాం వదినా, ఈలోపు ఆ పక్క తిరిగొస్తుందేమో చూద్దాం అన్నాను.

అప్పుడే నాకు విరిగిన లారీ గుర్తొచ్చింది. ఆన్‌లైన్లో వెతికి తెప్పించాను. ఈ కాలంలో తిరువూరుకి కూడా అన్నీ వస్తున్నాయి. పెట్టె అన్నయ్య ఒళ్ళో పెట్టి మూత తీశాను. వాడి మొహం వెలిగిపోయింది.

"విరిగిన లారీ! ఎక్కడ దొరికిందే నీకు? అమ్మగారిచ్చిందా?"

అమ్మగారు పోయి ఎన్నేళ్ళయిందో వాడికీ తెలుసు. ఇద్దరం పడీపడీ నవ్వాం. స్ట్రోక్ వచ్చాక వాడు అలా నవ్వడం అదే మొదలు. నాకు ఆశ పుట్టింది. పుట్టకుండా ఉంటే ఎంత బాగుండేది.

సాయంత్రం స్కూలు నుంచి నేను అన్నయ్య ఇంటికి రాగానే కూర్చునేవాళ్ళం. బల్ల ఎడమ అంచుకి ఎర్ర రిబ్బను అంటించాను. ఆ రిబ్బను కనబడేదాకా తల తిప్పాలని ఫిజియో అమ్మాయి చెప్పింది. నేను రిబ్బను పక్కనే కూర్చున్నాను. ముక్కలన్నీ నా వైపే పోశాను, వాడు ఇటు తిరక్కపోతే ఒక్కొక్కటీ వాడి ముందుకి తోసేదాన్ని. ఈసారి పెట్టెలో మంచి జిగురే వచ్చింది, పట్టుకుని కూర్చునే పని లేదు. అయినా పట్టుకునే కూర్చున్నాను.

కుడిచెయ్యి ఒక్కటే అయినా ఏం చేశాడనుకున్నారు! డ్రైవర్ సైడు తలుపు, హ్యాండిలు, అద్దం, మెట్టు, చక్రాలు, పిసరంత తేడా లేకుండా పెట్టాడు. అన్నీ డ్రైవర్ సైడువే. క్లీనర్ సైడు ముక్కలు నేను వాడి ముందుకి తోస్తే తీసుకుని, కుడివైపే ఎక్కడో ఇరికించబోయేవాడు. ఒకసారి వాడి ఎడమ చేతిని ఎత్తి లారీ పక్కన పెట్టాను, ఆ చేతి మీదుగా అయినా ఇటు చూస్తాడేమోనని.

"నీ చెయ్యి తియ్యవే, అడ్డంగా ఉంది," అన్నాడు.

"అది నీ చెయ్యి అన్నయ్యా."

"నా చెయ్యి ఇదిగో," అని కుడిచెయ్యి ఎత్తి చూపించి, నన్ను ఆటపట్టిస్తున్నట్టు నవ్వాడు. నేను పెరట్లోకెళ్ళి పంపు తిప్పుకుని, ఆ చప్పుడులో ఏడ్చి వచ్చాను.

ఒక ఆదివారం ఇక విసుగొచ్చి, అరచేత్తో బల్ల ఎడమ అంచున చరుస్తూ చిన్నప్పటిలాగే అరిచాను. "రానీ... రానీ... రానీ..." అన్నయ్య చేతిలో పని ఆగిపోయింది. తల కొంచెం కదిలింది. "రానీ... ఇంకా రానీ..." తల తిరిగింది. రిబ్బను దాటింది. నా చెయ్యి చూశాడు, నా మొహం చూశాడు. సూటిగా.

"ఇక్కడున్నావా!" అన్నాడు.

ఆ ఒక్క మాటకి నేనూ వదినా పిచ్చివాళ్ళలా ఒకర్నొకరం పట్టుకుని ఏడ్చాం. వాడు నా ముందున్న చక్రం ఒకటి తీసుకుని, "ఇదెక్కడిదే?" అని తిప్పి తిప్పి చూశాడు. ఆ రోజు వదిన వాకిట్లో లారీ ముందు అద్దం తుడిచింది. మర్నాడు నేను స్కూల్లో అందరికీ స్వీట్లు పంచాను. వచ్చేసింది, మా అన్నయ్యకి ఆ పక్క వచ్చేసింది అని చెప్పుకున్నాను.

ఆ సాయంత్రం మళ్ళీ చరిచాను. "రానీ... రానీ..." అన్నయ్య కుడివైపు కిటికీలోంచి బయటికి చూశాడు.

"ఎవరో బండి వెనక్కి తీస్తున్నారే. గోడకి కొట్టేట్టున్నారు, చూడు."

ఆ మర్నాడూ అంతే. ఆ వారమంతా అంతే. గొంతు పోయేదాకా అరిచాను. అరచెయ్యి కందిపోయింది. వాడు కిటికీలోంచి ఆ బండి కోసం చూస్తూనే ఉన్నాడు. ఒక్కసారి తెరిచి చూపించి మూసేయడం ఎందుకండీ? అసలు చూపించకపోతే ఏం పోయేది?

పరీక్షలయ్యాయి, సెలవులిచ్చారు. రోడ్డు మీద మామిడికాయల లారీలు మొదలయ్యాయి. ఫిజియో అమ్మాయి వచ్చి చాలాసేపు పరీక్ష చేసింది. కాగితం మీద గీతలు గీయించింది, పువ్వు బొమ్మ వేయించింది. అన్నయ్య సగం పువ్వు వేసి, చేతులు దులుపుకుని, "బాగుందా?" అన్నాడు. ఆ అమ్మాయి నన్ను వాకిట్లోకి తీసుకెళ్ళింది.

"ఇక్కడితో ఆగిపోయినట్టుందండి."

"ఆగిపోవడమంటే?"

"ఇంతకంటే వస్తుందని నేను చెప్పలేనండి. మీరు చెయ్యాల్సిందంతా చేశారు."

చిన్నపిల్ల, ఆమె కళ్ళల్లోనే నీళ్ళు తిరిగాయి. ఆమెని ఏమనగలను? టీ తాగి వెళ్ళమన్నాను. వదిన గుమ్మంలో నిలబడి అంతా వింది. లారీ కొంటానన్న మనిషికి రమ్మని ఫోన్ చేసేయమంది.

నేను లోపలికెళ్ళి నా చోట్లో కూర్చున్నాను. అలవాటు. అన్నయ్య లారీ పూర్తి చేస్తున్నాడు. పై బాడీ చట్రం మీద పెట్టి నొక్కాడు. క్లీనర్ సైడు ఒక్క చక్రం కూడా లేదు కాబట్టి లారీ నా వైపుకి ఒరిగిపోబోయింది. కింద వేళ్ళు పెట్టి ఎత్తి పట్టుకున్నాను. వాడు కుడిచేత్తో వదిలేసి, కాస్త వెనక్కి జరిగి చూసుకున్నాడు.

వదిన టీ తెచ్చింది. పాపం తనకీ ఓపిక అయిపోయినట్టుంది. చుట్టూ తిరిగి రాకుండా కుడివైపునే నిలబడి గ్లాసు అందించింది. అన్నయ్య ఆమెని చూసి చంటిపిల్లాడిలా నవ్వాడు.

"చూశావా, అయిపోయింది. ఎంత బాగా నిలబడిందో చూడు!"

"బాగుందండీ," అంది వదిన. నా వేళ్ళకేసి చూసి మొహం పక్కకి తిప్పుకుంది.

"చెల్లి ఉంటే ఎంత సంతోషించేదో. చిన్నప్పుడు ఇద్దరం చేసేవాళ్ళం. మొత్తం అదే పట్టుకునేది, తెలుసా? ఈ మధ్య అసలు రావడమే మానేసింది. సెలవులేగా, కబురు చెయ్యకూడదూ?"

వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నేనిక్కడే ఉన్నాను అన్నయ్యా," అన్నాను.

వాడు ఉలిక్కిపడి కుడివైపు చూశాడు. వదిన వెనక్కి తొంగిచూశాడు, గుమ్మం వైపు చూశాడు, వంటింటి వైపు చూశాడు. ఎంత ఆత్రంగా వెతికాడో. ఇంకాస్త గట్టిగా, "ఇక్కడ, అన్నయ్యా," అన్నాను. ఇంకా కుడివైపుకే తిరిగాడు, మెడ నొప్పెట్టేంతగా.

"ఎక్కడే? కనబడవేంటి? రావే బాబూ, చూడు, అయిపోయింది."

నేను లారీ కింద నుంచి వేళ్ళు తీశాను. పడిపోకుండా మెల్లగా పక్కకి ఒరగబెట్టాను. కుర్చీలోంచి లేచి, అన్నయ్య వెనక నుంచి చుట్టూ తిరిగి, కుడిపక్కకి వెళ్ళి కూర్చున్నాను.

వాడి మొహం విప్పారింది. నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఎప్పుడొచ్చావే?"

"ఇప్పుడే అన్నయ్యా," అన్నాను.